వ్యూహ ప్రణాళిక: నిర్ణయం తీసుకునే రోజు కోసం ముందే రాసిపెట్టుకోవాల్సినవి

ఏడాది కిందట రాసుకున్న ప్రణాళికను తీసి చూస్తే అమ్మకాల అంకె తప్పి ఉంటుంది, ఖర్చుల అంకె తప్పి ఉంటుంది, గడువులు ఎలాగూ తప్పి ఉంటాయి. మరి ఏటా వారాల తరబడి కూర్చుని ఇదంతా రాయడం దేనికని ప్రతి సంస్థలోనూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. న్యాయమైన ప్రశ్నే.

ప్రణాళికను జోస్యంగా చూసినంత కాలం దానికి జవాబు దొరకదు. పెద్ద నిర్ణయం తీసుకోవాల్సిన రోజున సంస్థ అధిపతి మనసు స్థిమితంగా ఉండదు. అప్పటికే పెట్టిన పెట్టుబడి ఒక పక్కకు లాగుతుంటుంది. పోటీ సంస్థ ఏదో చేసిందన్న వార్త ఇంకో పక్కకు లాగుతుంటుంది. ఎదురుగా కూర్చున్నవాళ్లు అధిపతి ముఖం చూసి మాట్లాడుతుంటారు. ఏ ఒత్తిడీ లేని రోజున ‘దేన్ని నమ్మి ఈ పని మొదలుపెడుతున్నాం, ఏం కనిపిస్తే ఆ నమ్మకం వదులుకుంటాం’ అని రాసిపెట్టుకున్న కాగితం ఉంటే, ఆ గందరగోళంలో విచక్షణకు ఒక ఆసరా దొరుకుతుంది. అది లేనిచోట తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్న వాదన గెలుస్తుంది.

అంకెల కింద ఉన్న ఊహలు

చాలా ప్రణాళికలు ఎక్సెల్ షీట్‌తో మొదలై అక్కడే ముగుస్తాయి. షీట్‌లో కనిపించేవి ఫలితాలు. వాటి కింద ఉన్న ఊహలు ఏదో ఒక గడిలో, ఎవరో ఒకరి తలలో దాగి ఉంటాయి. మొదట బయటికి తీయాల్సింది వాటినే.

ఒక సంస్థ రెండో యూనిట్ పెట్టాలనుకుంటోంది అనుకుందాం. యూనిట్ సామర్థ్యం నెలకు 1,000 వస్తువులు. లెక్క సులువుగా ఉండేందుకు ఒక్కో వస్తువు అమ్మకం ధర 100, దాని మీద పడే ముడిసరుకు, రవాణా వంటి మారే ఖర్చు 60 అనుకుంటే, ఒక్కో అమ్మకం మీద 40 మిగులుతుంది. అద్దె, జీతాలు, వడ్డీ కలిపి నెలకు తప్పని ఖర్చు 24,000. 24,000ను 40తో భాగిస్తే 600. అంటే సామర్థ్యంలో 60 శాతం నడిస్తే లాభమూ లేదు, నష్టమూ లేదు. ప్రణాళికలో 75 శాతం నడుస్తుందని రాశారు కాబట్టి అందరికీ ధీమాగానే ఉంటుంది.

ఇప్పుడు మారే ఖర్చు 60 నుంచి 65కు పెరిగిందనుకోండి. మిగిలేది 35. సమానమయ్యే చోటు 686కు, అంటే దాదాపు 69 శాతానికి జరిగింది. పోటీ వల్ల ధర కూడా 100 నుంచి 95కు తగ్గితే మిగిలేది 30. ఇప్పుడు 800 వస్తువులు అమ్మితే గానీ ఒడ్డున పడరు. ధరలో 5, ఖర్చులో 5. విడివిడిగా చూస్తే రెండూ చిన్న మార్పులే. రెండూ కలిసేసరికి 75 శాతం లెక్క లాభం నుంచి నష్టంలోకి జారింది. డిమాండ్ ఏటా ఎంత పెరుగుతుందన్న దాని మీద గంటలు వాదించుకున్న బృందం ఈ రెండు అంకెల మీద పది నిమిషాలు కూడా పెట్టి ఉండకపోవచ్చు.

ఈ లెక్క చేయడం వల్ల అధిపతికి దొరికేది భవిష్యత్తు మీద స్పష్టత కాదు, ఎక్కడ దృష్టి పెట్టాలన్న స్పష్టత. ప్రతి ఊహనూ కాస్త అటూ ఇటూ కదిపి చూస్తే, ఇరవై ఊహల్లో ప్రణాళికను నిజంగా కూల్చగలిగేవి సాధారణంగా మూడో నాలుగో తేలతాయి. మిగతావి తప్పినా సర్దుకోవచ్చు. ఆ మూడు నాలుగింటికే ఒక్కోదానికి ఒక పేరు, ఒక అంకె, దాన్ని కనిపెట్టుకుని ఉండే ఒక మనిషి, మళ్లీ పరీక్షించే ఒక తేదీ ఉండాలి. జాబితాలో నలభై ఊహలు రాసి అన్నిటినీ కనిపెడతామనే సంస్థ దేన్నీ కనిపెట్టదు.

ఊహను మళ్లీ పరీక్షించకపోతే ఏమవుతుందో చూడటానికి ఇరిడియం అనే ఉపగ్రహ ఫోన్ సంస్థ కంటే మంచి ఉదాహరణ దొరకదు. భూమ్మీద ఎక్కడి నుంచైనా మాట్లాడగలిగే ఉపగ్రహ ఫోన్ ఆలోచన 1980ల చివర్లో అమెరికా ఎలక్ట్రానిక్స్ సంస్థ మోటరోలాలో పుట్టింది. అప్పటికి మామూలు మొబైల్ కవరేజీ చాలా తక్కువ చోట్లే ఉంది, దేశం దాటితే ఫోన్ పనిచేయదు. తరచూ విదేశాలు తిరిగే వ్యాపారవేత్తలు దీన్ని కొంటారన్న ఊహ ఆనాటికి సబబైనదే. 66 ఉపగ్రహాలతో, దాదాపు 500 కోట్ల డాలర్ల ఖర్చుతో, 1998 నవంబరులో సేవ మొదలైంది. ఈ పదేళ్లలో మామూలు మొబైల్ నెట్‌వర్కులు నగరాలన్నీ అల్లుకున్నాయి, రోమింగ్ వచ్చింది. ఉపగ్రహ ఫోన్ ధర సుమారు 3,000 డాలర్లు, చూడటానికి ఇటుకంత, పైగా ఆకాశం కనిపించని భవనంలోకి వెళ్తే పనిచేయదు. 1999 ఆగస్టులో సంస్థ దివాలా రక్షణ కోరింది. ఇంజినీరింగ్ బ్రహ్మాండంగా పనిచేసింది, ఊహకు మాత్రం కాలదోషం పట్టింది. దాదాపు అన్ని ఉపగ్రహాలూ పైకి చేరితే గానీ ఒక్క ఖాతాదారుకైనా సేవ అందని నిర్మాణం కావడంతో, సగంలో ఆపి మార్కెట్‌ను పరీక్షించే వీలు కూడా లేకపోయింది. ఆ తర్వాత ఆ ఆస్తులు సుమారు 2.5 కోట్ల డాలర్లకే చేతులు మారాయి.

గీత ఎక్కడ గీయాలి

ఊహలు రాసుకోవడం సగం పని. ఏ అంకె దగ్గర ఏం చేస్తామో ముందే తేల్చుకోవడం మిగతా సగం. కష్టమైనది ఈ రెండోదే, అందుకే ఎక్కువమంది దీన్ని వదిలేస్తారు.

పై యూనిట్‌నే తీసుకుందాం. నిలదొక్కుకునే దాకా వచ్చే నష్టాన్ని భరించడానికి 1,50,000 పక్కన పెట్టారనుకుందాం. మొదటి ఆరు నెలలు సగటున 200 వస్తువులు అమ్ముడైతే నెలకు 8,000 మిగులు వస్తుంది. తప్పని ఖర్చు 24,000 కాబట్టి నష్టం నెలకు 16,000, ఆరు నెలలకు 96,000. చేతిలో మిగిలేది 54,000. ఆరో నెలలో అమ్మకం 300కు చేరినా నెలకు ఇంకా 12,000 పోతూనే ఉంటుంది. అంటే నాలుగున్నర నెలలు మాత్రమే ఊపిరి ఉంటుంది. యంత్రాల రెండో విడత ఆర్డరు రద్దు చేయడానికి మూడు నెలల ముందస్తు నోటీసు ఇవ్వాలని ఒప్పందంలో ఉంటే, నిర్ణయానికి నిజంగా దొరికే వ్యవధి ఆరు వారాలే.

కాబట్టి గీత ఇలా ఉండాలి: ఆరో నెల ముగిసేనాటికి నెల అమ్మకం 300 దాటకపోతే, ఏడో నెల మొదటి వారంలో ఫైనాన్స్ అధిపతి ఆ విషయం బోర్డుకు రాతపూర్వకంగా తెలపాలి, రెండో విడత ఆర్డరు ఆపేయాలి. ఇందులో అంకె ఉంది, తేదీ ఉంది, మనిషి ఉన్నాడు, చేయాల్సిన పని ఉంది. నాలుగింటిలో ఏ ఒక్కటి లేకపోయినా అది గీత కాదు, ‘పరిస్థితిని ఎప్పటికప్పుడు సమీక్షిస్తూ ఉంటాం’ అన్న మాటకు ఇంకో రూపం. 300 అన్న అంకె కూడా గాల్లోంచి ఊడిపడకూడదు. డబ్బు అయిపోయే తేదీ నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ వచ్చి, ఇంకా ఏదైనా చేయడానికి వ్యవధి మిగిలి ఉన్న చోట గీయాలి. చాలా సంస్థలు గీతను చేతులు కాలే చోట గీస్తాయి, ఆకులు పట్టుకోవడం ఆ తర్వాతి సంగతి.

పై వైపు గీత కూడా అంతే అవసరం. ఆరో నెలకే అమ్మకం 500 దాటితే రెండో షిఫ్టుకు మనుషుల్ని ఎప్పుడు తీసుకోవాలి, ముడిసరుకు ఒప్పందం ఎంత పెంచాలి? ఊహించిన దానికంటే బాగా నడవడం వల్ల దెబ్బతిన్న సంస్థలూ ఉన్నాయి. ఆర్డర్లు పెరిగే కొద్దీ ముడిసరుకుకు ముందే డబ్బు కట్టాలి, అమ్మకపు డబ్బు మాత్రం రెండు మూడు నెలలకు గానీ చేతికి రాదు.

ముందే పెట్టుకున్న నియమం అధిపతుల కంటే ముందు తెలివిగా ప్రవర్తించిన సందర్భం ఇంటెల్ చరిత్రలో కనిపిస్తుంది. 1968లో మెమరీ చిప్‌ల సంస్థగానే ఇంటెల్ పుట్టింది. 1980ల మొదట్లో జపాన్ తయారీదారుల పోటీతో ఆ వ్యాపారం కుంగిపోయింది. అయినా మెమరీని వదలడానికి పెద్దలకు మనసు రాలేదు. అది వాళ్ల ఉనికి. చివరకు 1985లో సంస్థ అధిపతులు ఆండీ గ్రోవ్, గార్డన్ మూర్ తమలో తాము వేసుకున్న ప్రశ్న ప్రసిద్ధమే: తమను తీసేసి బోర్డు కొత్త అధిపతిని తెస్తే అతను ఏం చేస్తాడు? మెమరీ నుంచి తప్పుకుంటాడని మూర్ జవాబు. ఆ పని తామే చేశారు. అంతగా చెప్పుకోని సంగతి ఇంకొకటి ఉంది. ఫ్యాక్టరీల్లో ఒక్కో సిలికాన్ వేఫర్ (చిప్‌లు తయారుచేసే పలుచని బిళ్ల) మీద ఏ ఉత్పత్తి ఎక్కువ మార్జిన్ తెస్తే సామర్థ్యాన్ని దానికే కేటాయించాలన్న నియమం అప్పటికే నడుస్తోంది. ఆ నియమం ప్రకారం మధ్యస్థాయి మేనేజర్లు సామర్థ్యాన్ని కొంచెం కొంచెంగా మైక్రోప్రాసెసర్ల వైపు మళ్లిస్తూ వచ్చారు. పెద్దలు నిర్ణయం ప్రకటించే నాటికి కింది స్థాయిలో సగం పని అయిపోయింది. మమకారం లేని నియమం కాబట్టి అది పనిచేయగలిగింది.

‘అవకాశం ఉంది’ అంటే ఎంత?

సమావేశాల్లో ‘అవకాశం గట్టిగానే ఉంది’, ‘రిస్క్ పెద్దగా లేదు’ లాంటి మాటలు ధారాళంగా వినిపిస్తాయి. అందరూ తలలూపుతారు. ఒక్కొక్కరి తలలో ఒక్కో అంకె ఉంటుంది.

దీన్ని తేల్చి చూపినవాడు వ్యాపారి కాదు, అమెరికా గూఢచార విశ్లేషకుడు షెర్మన్ కెంట్. 1951లో ఆయన బృందం యుగోస్లావియాపై దాడి జరిగే అవకాశాన్ని ‘తీవ్రంగా పరిగణించాలి’ అన్న అర్థంలో ఒక నివేదిక ఇచ్చింది. ఆ మాటకు కెంట్ మనసులో ఉన్న లెక్క 65కు 35. నివేదిక రాయడంలో పాల్గొన్న సహచరుల్ని ఎంతని అడిగితే 20కి 80 నుంచి 80కి 20 దాకా రకరకాల జవాబులు వచ్చాయి. ఒకే వాక్యానికి అంగీకరించి సంతకం పెట్టినవాళ్లే వీళ్లంతా.

మందు సులభం: కీలకమైన ప్రతి ఊహ పక్కనా శాతం రాయాలి. ‘పెద్ద ఖాతాదారు కాంట్రాక్టు పొడిగించే అవకాశం 70 శాతం’. సేల్స్ అధిపతి 90 అని, ఫైనాన్స్ అధిపతి 50 అని విడివిడిగా రాస్తే, ఆ తేడాలోనే అసలు చర్చ ఉంది. ఒకరికి తెలిసిన సంగతి ఇంకొకరికి తెలియదన్నమాట. వెంటనే సగటు 70 అని తేల్చేస్తే ఆ సంగతి పాతిపెట్టినట్టే.

ఇలా రాసిన శాతాలకు ఇంకో ప్రయోజనం, తర్వాత మార్కులు వేయొచ్చు. 1950లో వాతావరణ శాస్త్రవేత్త గ్లెన్ బ్రయర్ ఇచ్చిన పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది. 70 శాతం అన్నది జరిగితే 0.7కూ 1కీ ఉన్న తేడా 0.3, దాని వర్గం 0.09. జరగకపోతే 0.7 వర్గం, 0.49. ఎంత తక్కువైతే అంత మెరుగు. ప్రతిదానికీ ఆలోచించకుండా 50 శాతం అనేసేవాడికి ఎప్పుడూ 0.25 వస్తుంది. రెండేళ్లలో ముప్పై నలభై అంచనాలు పోగయ్యాక సగటు 0.25 దాటిన వాళ్ల ధీమాను ఎంతవరకు లెక్కలోకి తీసుకోవాలో అధిపతికి అర్థమవుతుంది. అధిపతి తన మార్కులు కూడా చూసుకుంటే ఇంకా మంచిది, అయితే అది అరుదు.

లోపలి లెక్క, బయటి లెక్క

గడువుల విషయంలో అనుభవజ్ఞులు కూడా ఎందుకు తప్పుతారో మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ 1970ల్లో వివరించారు. కానెమన్ తన సొంత అనుభవాన్నే ఉదాహరణగా చెప్పేవారు. ఇజ్రాయెల్‌లో హైస్కూలు పాఠ్యప్రణాళిక ఒకటి తయారుచేసే బృందంలో, ఇంకా ఎంత కాలం పడుతుందని అందరినీ విడివిడిగా రాయమన్నారు. జవాబులన్నీ రెండేళ్లకు అటూ ఇటూగా వచ్చాయి. తర్వాత బృందంలోని పాఠ్యప్రణాళిక నిపుణుణ్ణి, ఇలాంటి ఇతర బృందాలకు ఎంత పట్టిందని అడిగారు. దాదాపు 40 శాతం అసలు పూర్తే చేయలేదు, పూర్తి చేసినవాళ్లకు ఏడు నుంచి పదేళ్లు పట్టిందని ఆయన ఒప్పుకున్నారు. కాసేపటి కిందట తానూ రెండేళ్లనే రాసిన మనిషి ఆయన. అది విన్నాక కూడా బృందం పని కొనసాగించింది. పూర్తవడానికి ఎనిమిదేళ్లు పట్టింది.

తమ పనిని మాత్రమే చూసి రాసిన రెండేళ్లు లోపలి లెక్క, ఇతర బృందాల అనుభవం బయటి లెక్క. ఆ బయటి అంకె తెలిసిన మనిషి గదిలోనే ఉన్నా, అడిగేదాకా అది అతనికే తట్టలేదు. ప్రణాళిక నమూనాలో ఒక గడి తప్పనిసరిగా ఉండాల్సింది ఇందుకే: ‘ఇలాంటి పనులు గతంలో మనకూ ఇతరులకూ ఎంత కాలం, ఎంత ఖర్చు పట్టాయి?’ కనీసం ఐదారు పాత పనులు, మొదట అనుకున్న అంకె, చివరికి తేలిన అంకె పక్కపక్కన రాయాలి. మన అంచనా ఆ వరుసలో అన్నిటికంటే తక్కువ ఉంటే, మనం దేనిలో భిన్నమో ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. ‘ఈసారి మంచి టీమ్ ఉంది’ అన్నది జవాబు కాదు, ఆ పాత ఐదారు పనుల్లోనూ అదే మాట అని ఉంటారు.

దీనికి తోడు మనస్తత్వ శాస్త్రవేత్త గ్యారీ క్లైన్ ప్రచారంలోకి తెచ్చిన ప్రీమార్టమ్ అభ్యాసం. ఖర్చు లేనిది, గంటలో అయిపోయేది. నిర్ణయం ఖరారయ్యే ముందు బృందానికి ఇలా చెప్పాలి: ఏడాది గడిచింది, ఈ పని ఘోరంగా విఫలమైంది, ఎందుకో రాయండి. పది నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా రాయాలి. తర్వాత ఒక్కొక్కరు ఒక్కో కారణం చొప్పున, జాబితాలు ఖాళీ అయ్యేదాకా చుట్టూ తిరగాలి. ‘ఏమైనా అభ్యంతరాలున్నాయా’ అని అడిగితే నోరు విప్పని మనిషి, విఫలమైందని ముందే ఒప్పేసుకున్నాక ధైర్యంగా రాస్తాడు. అభ్యంతరం చెప్పడం విధేయత లేకపోవడంగా కాక తెలివితేటలుగా కనిపించే చోటది. అధిపతి మొదట మాట్లాడితే మాత్రం అంతా వృథా. చివర మాట్లాడాలి, వీలైతే ఆ రోజు మాట్లాడకుండా ఉండాలి.

ఒకటి కంటే ఎక్కువ రేపులు

ఒకే అంచనాకు 10 శాతం కలిపి ‘ఆశావహం’, 10 శాతం తీసి ‘నిరాశావహం’ అని పేర్లు పెట్టడాన్ని సినారియో ప్లానింగ్ (రేపు ఎన్ని రకాలుగా ఉండొచ్చో వేర్వేరు దృశ్యాలుగా ఆలోచించడం) అనుకుంటున్నారు. అవి కాకిలెక్కలు. చమురు సంస్థ షెల్‌లో 1970ల మొదట్లో పియెర్ వాక్ బృందం చేసింది వేరు. చమురు ధర ఎంతకు చేరుతుందని కాకుండా, చమురు దేశాల స్థానంలో కూర్చుని ఆలోచించింది. జనాభా తక్కువగా ఉండి, వస్తున్న ఆదాయాన్నే ఖర్చు పెట్టుకోలేని దేశాలు ఇంకా ఎక్కువ ఎందుకు తోడాలి? ఆ ప్రశ్న వేసుకుంటే, చవక చమురు ఎల్లకాలం ఉంటుందన్న నమ్మకం నిలబడలేదు. 1973 అక్టోబరులో అరబ్ దేశాల చమురు ఆంక్షలు వచ్చి, 1974 మొదటికల్లా బ్యారెల్ ధర 3 డాలర్ల ప్రాంతం నుంచి 12 డాలర్ల దగ్గరకు చేరినప్పుడు, ఆ పరిస్థితి గురించి అప్పటికే ఆలోచించి ఉన్న పెద్దలు షెల్‌లో ఉన్నారు.

ఆచరణలో రెండు లేదా నాలుగు దృశ్యాలు చాలు. సరిగ్గా మూడు పెడితే అందరూ మధ్యదాన్ని ‘అసలుది’ అనుకుని మిగతా రెండూ చదవరు. ప్రతి దృశ్యానికీ, అది నిజమవుతోందని ముందుగా తెలిపే గుర్తులు రెండు మూడు రాసుకోవాలి. గుర్తులు లేని దృశ్యం కథే.

ఎక్కడ చెడుతుంది

ప్రణాళికను చెడగొట్టేవాటిలో మొదటిది టార్గెట్‌నూ అంచనానూ ఒకే గడిలో రాయడం. బోనస్ దేని మీద ఆధారపడుతుందో ఆ అంకెను ఎవరూ నిజాయితీగా చెప్పరు. కింది స్థాయివాళ్లు అందుకోగలిగినంత తక్కువ చెబుతారు, పైవాళ్లు అది తెలిసి 15 శాతం పెంచుతారు, అది ముందే ఊహించి కిందివాళ్లు ఇంకొంత తగ్గిస్తారు. చివరికి మిగిలిన అంకె ఎవరి నమ్మకమూ కాదు. రెండు వేర్వేరు గళ్లు, వీలైతే వేర్వేరు సమావేశాలు ఉండాలి: ఏం జరుగుతుందని అనుకుంటున్నారు, ఏం సాధించాలని అడుగుతున్నాం.

రెండోది, దేన్నీ వదులుకోని వ్యూహం. నాణ్యతలో మొదటి స్థానం, ధరలో అందరికంటే తక్కువ, వేగంగా విస్తరణ, ఖర్చుల్లో పొదుపు. పాము చావకుండా, కర్ర విరగకుండా రాసిన ఇలాంటి పత్రం నిర్ణయం రోజున దేనికీ అక్కరకు రాదు, ఎందుకంటే ఏ నిర్ణయమైనా దానికి సరిపోతుంది. పరీక్ష ఒకటే: ఈ ప్రణాళిక ప్రకారం మంచి అవకాశమే అయినా ఫలానా దాన్ని కాదంటాం అని ఒకటైనా రాసి ఉందా?

మూడోది, ప్రతి చిన్న పనికీ ఇంత తతంగం పెట్టడం. అమెజాన్ వాటాదారులకు రాసిన 2015 సంవత్సరపు లేఖలో జెఫ్ బెజోస్ నిర్ణయాలను తలుపులతో పోల్చారు. వెనక్కి రాగలిగే తలుపు ఉంటే త్వరగా వెళ్లి చూసి రావడమే మేలు. ఒక్క జిల్లాలో ధర మార్చి చూడటానికి ప్రీమార్టమ్ అక్కర్లేదు, రెండో యూనిట్‌కు కావాలి. ఇరిడియం లాంటి వెనక్కి రాలేని తలుపు దగ్గరైతే, దాన్ని చిన్న తలుపులుగా విడగొట్టే దారి ఉందేమోనని చూడటమే ప్రణాళిక చేసేవాళ్ల మొదటి పని.

సమీక్ష రోజున

మూడు నెలలకోసారి, గంటన్నర. లెక్కల నివేదిక ముందురోజే అందరూ చదివి రావాలి, సమావేశంలో స్లైడ్లు ఉండకూడదు. బల్ల మీద ఉండాల్సింది మొదట రాసిన ఊహల పేజీ, మార్పులు చేయని అసలు ప్రతి. ఒక్కో ఊహ దగ్గర ఆగి మూడే సంగతులు చూడాలి: అప్పుడు ఏ అంకె అన్నాం, ఇప్పుడు ఎంత ఉంది, గీత దాటిందా. దాటితే ముందే రాసుకున్న పని చేయాలి. చేయకూడదనుకుంటే కారణం రాతలో పెట్టి, దాని కింద అధిపతి సంతకం చేయాలి. గీతను జరపడం నేరమేమీ కాదు, కొత్త సమాచారం రావచ్చు. కానీ ఒకే గీతను మూడోసారి జరుపుతున్నామని ఆ పేజీలోని తేదీలు చూపిస్తే, అప్పుడు చర్చించాల్సింది యూనిట్ గురించి కాదు, ఆ సంతకాల గురించి.

ఫలితం బాగున్నంత మాత్రాన నిర్ణయం మంచిదని రాసుకోకూడదు. ఖాతాదారు కాంట్రాక్టు పొడిగించాడు సరే, మనం అనుకున్న కారణంతోనేనా, లేక అతని ఇంకో సరఫరాదారు ఆ నెలలోనే చేతులెత్తేసినందుకా? రెండోదైతే 70 శాతం అన్న అంచనా ఇంకా పరీక్షకు నిలబడనట్టే లెక్క. ఆ వరుస పక్కన ‘కారణం వేరు’ అని రాసి, వచ్చే ఏడాదికి దాన్ని మళ్లీ తెరిచే ఉంచాలి.